వీపు ముక్క

జెనోవెఫా ట్రంకుపెట్టె మీద కూర్చుని గంటన్నర అయింది. లేవనంటోంది.

"అమ్మా, లే," అంది మార్సెల్లా.

"లేవను."

"నడుం పట్టేస్తుంది."

"నా నడుం. నా పెట్టె. నీకేంటి?"

ఆమెకు ఎనభై ఆరేళ్లు. పెట్టె మీద కూర్చుంటే కాళ్లు నేలకు ఆనడం లేదు. ఒక చెప్పు జారి కింద పడింది. దాన్ని ఎవరూ తీయలేదు.

గొడవ పొద్దున కాఫీ దగ్గర మొదలైంది. పాత ఇన్సూరెన్స్ కాగితాలు ఎక్కడ పెట్టావో గుర్తుచేసుకోమని మార్సెల్లా మళ్లీ అడిగింది. "గడువు తీరిన కాగితాలు దాచుకోడానికి మనదేమన్నా కోర్టా? ఎప్పుడో కత్తిరించేశాను," అంది జెనోవెఫా. అన్న వెంటనే నోరు మూసుకుంది. కప్పు పక్కన పెట్టి, షాపు వెనక ఉన్న కుట్టుగదిలోకి నడిచి వెళ్లి, ఈ పెట్టె మీద కూర్చుంది.

కత్తిరించడానికి ఆ ఇంట్లో ఒకటే అర్థం. పెట్టెలో ఉన్నవి ఏడెనిమిదేళ్ల ఆడపిల్లలు చర్చిలో మొదటిసారి సత్ప్రసాదం తీసుకునే రోజున వేసుకునే గౌన్లకు జెనోవెఫా తీసిన కటింగ్ కాగితాలు. ముప్పై ఎనిమిదేళ్లు కుట్టింది. గుడ్డ ఎవరిది వాళ్లదే, కుట్టుకూలి లేదు, కాగితం మాత్రం ఇంట్లో చేతికి ఏది దొరికితే అది. మాంసం కొట్టువాడి చుట్టుడు కాగితం, కిందటేడు కేలండరు, ఎన్నికల పోస్టరు. ఒక్కో పిల్లకు ఒక్కో కట్ట. కట్ట మీద పెన్సిలుతో పిల్ల పేరు, ఏడు.

గుమ్మంలో రే నిలబడి ఉన్నాడు. మార్సెల్లా అన్న, ఆమె కన్నా మూడేళ్లు పెద్ద. పక్క ఊరు మిషవాకా నుంచి కారులో వచ్చాడు. చేతిలో లాయరు ఇచ్చిన కవరు ఉంది.

"మార్సీ, వదిలెయ్. ఆవిణ్ణి హింసించకు. సోమవారం ముగ్గురం సంతకాలు పెడదాం, దివాలా ప్రకటిద్దాం, తాళాలు ఇచ్చేద్దాం. రాష్ట్రమే చూసుకుంటుంది."

"ఎప్పుడు చూసుకుంటుంది?"

"వాళ్ల వరస వాళ్లకుంటుంది."

"ఆ వరసలో మన ముందు రెండు వందల చోట్లున్నాయని మీ లాయరే చెప్పాడు. ఈలోపు పక్కింటివాళ్లు ఊపిరి పీల్చడం మానేసి కూర్చోవాలా?"

రే కవరును ఆ చేతిలోంచి ఈ చేతిలోకి మార్చుకున్నాడు. అతని తల పక్కన గోడకు తండ్రి మొదటి వ్యాపార లైసెన్సు ఫ్రేములో వేలాడుతోంది. ఎడ్మండ్ బనాసిక్, బట్టల డ్రై క్లీనింగ్, సౌత్ బెండ్, ఇండియానా. కింద సంతకం, సంతకం మీదుగా సిరా మరక. ఎడ్మండ్‌ది ఎడమచేతి వాటం. రాసిన అక్షరం ఆరకముందే అరచెయ్యి దాని మీదుగా జరిగేది. షాపు రసీదులన్నీ అలాగే ఉండేవి. బనాసిక్ ముద్ర పడితేనే అసలు రసీదని ఖాతాదార్లు నవ్వుకునేవారు. ఆయన పోయి తొమ్మిదేళ్లు.

బట్టలు శుభ్రం చేసే ద్రావకాన్ని ఈ వృత్తిలో పెర్క్ అంటారు. వాడగా మిగిలిన మడ్డిని, మురుగునీటిని ఎడ్మండ్ శనివారం శనివారం బకెట్లో పట్టుకెళ్లి వెనక గోడ పక్కన పారబోసేవాడు. ఆ రోజుల్లో ఈ పని చేసే ప్రతివాడూ అదే చేశాడు. మా పెరట్లో కలుపు మొలవదని జెనోవెఫా చర్చిలో గొప్పగా చెప్పుకునేది. ఇప్పుడు ఆ పెర్క్ మట్టిలోంచి పాకి, కంచె దాటి, పక్కింటి బేస్‌మెంట్లో ఆవిరై లేస్తోంది. ఆగస్టులో పర్యావరణ శాఖ నుంచి ఉత్తరం వచ్చింది. నేలను బాగుచేయించే బాధ్యత యజమానులదే.

బాగుచేయించడం షాపు అమ్మినా, ఇల్లు అమ్మినా అయ్యే పని కాదు. మిగిలిన దారి ఒక్కటే, దాన్ని చూపించింది వెర్నన్ హాలెట్. ముప్పై ఏళ్లు ఇన్సూరెన్స్ కంపెనీలో క్లెయిములు తిప్పికొట్టి రిటైరై, ఇప్పుడు పాత పాలసీలు వెతికిపెట్టే పని చేస్తున్నాడు. మొదటిసారి వచ్చినప్పుడు ఆయన చెప్పింది మార్సెల్లాకు ఇంకా చెవిలో ఉంది.

"పాత పాలసీకి చావు లేదమ్మా. ఆ ఏడు జరిగిన నష్టానికి ఆ ఏటి పాలసీయే జవాబు చెప్పాలి, యాభై ఏళ్ల తర్వాత బయటపడినా సరే. ఇప్పటి పాలసీల్లో కాలుష్యం అన్న మాట వస్తే తలుపు మూసేస్తారు. అప్పట్లో ఆ మాటే రాసుకోలేదు. కాకపోతే రెండు చిక్కులు. కంపెనీవాళ్లు తమ గిడ్డంగి తగలబడి కాగితాలన్నీ పోయాయంటున్నారు. పాలసీ ఉందని మీరే చూపించాలి. రెండోది, తెలిసి చేసిన నష్టమైతే ఇవ్వరు."

ఆ వెర్నన్ ఇవాళ నాలుగింటికి వస్తున్నాడు. గోడ గడియారం మూడుంబావు చూపిస్తోంది.

"అమ్మా, నువ్వు లేవకపోతే నిన్ను పెట్టెతో సహా పక్కకి జరుపుతా."

"జరుపు. నీ నడుం పట్టేస్తుంది."

రే నవ్వబోయాడు. మార్సెల్లా చూసిన చూపుకు ఆపుకున్నాడు.

ముందు తలుపు గంట మోగింది. వచ్చింది పక్కింటి యెసేనియా, చంకలో రెండేళ్ల కూతురు. చేతిలో మడతపెట్టిన కాగితం.

"పనిలో ఉన్నట్టున్నారు. తర్వాత రానా?"

"రా రా. ఏంటది?"

"బేస్‌మెంట్లో గాలి పట్టుకెళ్లారు కదా, డబ్బాలో. దాని రిజల్టు. అంకెలే ఉన్నాయి, నాకేం అర్థం కావట్లేదు."

మార్సెల్లా చదివింది. ఈ మూడు నెలల్లో ఇలాంటి కాగితాలు చదవడం వచ్చింది. రెండోసారి చదివింది.

"ఉండాల్సినదానికి తొమ్మిది రెట్లు."

యెసేనియా పిల్లను ఇంకో చంకకు మార్చుకుంది. "పాప పడుకునేది అక్కడే. పైన ఉన్నది ఒక్క గదే కదా. మా ఆయన రాత్రి షిఫ్టు చేసొచ్చి పగలు పడుకోవాలి. బుధవారం నుంచి దీన్ని వంటింట్లో కింద పడుకోబెడుతున్నా. మంచం పైకి తెచ్చెయ్యనా? మళ్లీ కిందికి ఎప్పుడు దింపుకోవచ్చో చెప్పండి చాలు, నేనేం గొడవ పెట్టుకోను."

"తెచ్చెయ్," అంది మార్సెల్లా. కాగితం మడిచి తిరిగిచ్చింది.

పిల్ల చెయ్యి చాపింది. "బుస్యా! చెప్పు పడిపోయింది."

వీధిలో చిన్నా పెద్దా అందరికీ జెనోవెఫా బుస్యాయే, అమ్మమ్మ. పిల్ల కిందికి దిగి, చెప్పు తీసి, బుస్యా కాలికి తొడగబోయింది. వెనకా ముందూ తిరగేసింది, పట్టలేదు. మళ్లీ ప్రయత్నించింది.

జెనోవెఫా ఆ పిల్ల తలను కాసేపు చూసింది. తర్వాత పెట్టె అంచు పట్టుకుని కిందికి దిగి, ఒంటి చెప్పుతోనే వెళ్లి కిటికీ దగ్గర నిలబడింది. అటు తిరిగి, "అరవై ఐదు," అంది. "నీ కట్టే, మార్సెల్లా. నీకే కత్తిరించాను."

యెసేనియాకు ఏమీ అర్థం కాలేదు. కూతుర్ని ఎత్తుకుని, సాయంత్రం మళ్లీ వస్తానని వెళ్లిపోయింది.

కట్ట అడుగున ఉంది. మార్సెల్లా, మే 1965. దారం విప్పి ముక్కలన్నీ కటింగ్ బల్ల మీద పరిచింది. పొడుగాటి కాగితాలు, టైపు అక్షరాలు. కాలరు ముక్కను వెలుగులోకి ఎత్తింది. అర్ధచంద్రంలా కత్తిరించిన కాగితం మీద తండ్రి పేరు, షాపు చిరునామా, కంపెనీ పేరు. దాని కింద పాలసీ నంబరు, ఒక్క అంకె కూడా పోకుండా. 1961 జూన్ ఒకటి నుంచి 1964 జూన్ ఒకటి వరకు.

"యెజుస్ మరియా," అన్నాడు రే. ఎప్పుడు వచ్చాడో, ఆమె భుజం వెనక ఉన్నాడు. "ఇదేనా? ఇది నీ మెడ మీద పెట్టిందా ఆవిడ?"

"కాగితమే పెట్టింది. కుట్టింది గుడ్డ."

"నేనూ అదే అంటున్నా."

ఇద్దరూ నవ్వారు. ఆగస్టు తర్వాత ఆ గదిలో ఇద్దరూ కలిసి నవ్వడం అదే మొదలు. రే లాయరు కవరును కుట్టుమిషను మీద పెట్టాడు.

మార్సెల్లా ముక్కల్ని గౌనులా పేర్చుకుంటూ పోయింది. కాలరు. చెయ్యి, రెండు కాగితాలు కలిపి అతికించినది. కఫ్. ముందు భాగం. కింది కుచ్చెళ్లకు మాత్రం కేలండరు కాగితం. చివరికి ఆమె చెయ్యి ఖాళీ బల్ల మీద ఆగింది.

"వీపు ముక్క ఏది?"

జెనోవెఫా కిటికీ దగ్గర్నుంచి కదల్లేదు. "పోయుంటుంది."

"నీ దగ్గర పోవడమా?"

"యాభై ఏళ్లయింది. ఎలకలు కొట్టుంటాయి."

"ఎలకలు వీపొక్కటే తిన్నాయా?"

మార్సెల్లా పక్క కట్ట విప్పింది. 1966, ఎవరో డోలరెస్. అన్ని ముక్కలూ ఉన్నాయి. ఇంకొకటి విప్పింది. అన్నీ ఉన్నాయి. కట్టకు ఒక గుండుసూది కూడా తగ్గలేదు.

"అమ్మా."

"వాడి చొక్కా గుండీ ఊడింది చూడు," అంది జెనోవెఫా రే వైపు చూసి. "ఇంట్లో ఎవరూ కుట్టరా?"

"అమ్మా, ఎక్కడుంది?"

జెనోవెఫా బల్ల దగ్గరకు వచ్చింది. ఏప్రన్ జేబులోంచి ప్రార్థన పుస్తకం తీసింది, అందులోంచి నాలుగు మడతల కాగితం. దాన్ని విప్పి, అక్షరాలు కిందికి ఉండేలా బల్ల మీద పరిచి, చల్లారిన ఇస్త్రీపెట్టెను ఎత్తి దాని మీద పెట్టింది. వెనక వైపు ఆమె పెన్సిలు రాత కనిపిస్తోంది. వీపు. రెండు కత్తిరించాలి.

"ఆగస్టులో ఆ ఉత్తరం వచ్చిన రోజే తీశాను. చదవాలని ఉంటే చదువుకో. చదవలేదని అనుకోవడం మాత్రం ఇక కుదరదు."

మార్సెల్లా ఇస్త్రీపెట్టె ఎత్తింది.

పాలసీతో పాటు జతచేసిన కాగితం అది. తనిఖీ సిఫారసు, 1963 అక్టోబరు. షాపు వెనక గోడ దగ్గర ద్రావకపు మడ్డిని, మురుగునీటిని నేల మీద పారబోస్తున్నట్టు తనిఖీలో చూశాం. పక్క స్థలంలో కంచె పొడవునా గడ్డి చచ్చిపోయింది. ఈ పని వెంటనే మానివేయవలెను. చదివి అర్థం చేసుకున్నాను.

దాని కింద ఈ. బనాసిక్ అని సంతకం.

రే ఆమె చేతిలోంచి కాగితం లాక్కుని చదివాడు. చదవడం అయ్యాక కూడా చూస్తూనే ఉన్నాడు.

"నాన్నకి చెప్పారన్నమాట," అన్నాడు.

రే తేదీ మీద వేలు పెట్టాడు.

"అరవై మూడులోనే చెప్పారు. ఎనభైల దాకా పోస్తూనే ఉన్నాడు." అతను షాపు వైపు తల తిప్పాడు. "బాయిలర్ వెలుగుతోందా?"

"రే!"

"ఏం? నంబరు ఉంది, తేదీలున్నాయి, పేరుంది. అది చాలు. ఇది అందులో పడేస్తే రెండు నిమిషాల పని."

"వాళ్ల దగ్గర ఇంకో ప్రతి ఉంటే?"

"వాళ్లవి తగలబడ్డాయని వాళ్లే అన్నారుగా. మనదీ తగలబడింది. లెక్క సరిపోయింది."

"ఇందాకటి దాకా సంతకం పెట్టేసి పోదామన్నావు. ఇప్పుడు పాలసీ కావాలా?"

"ఇందాక ఇందులో నాన్న సంతకం ఉందని తెలీదు."

"తెలిసింది కాబట్టి కాల్చేసి మోసం చేద్దామా?"

"నువ్వేం చేస్తావు మరి? ఇది తీసుకెళ్లి వాళ్ల చేతిలో పెడతావా? తెలిసి చేశాడంటారు, పైసా ఇవ్వరు. యెసేనియాకి ఏం చెప్తావు? నా మనసు శుభ్రంగా ఉంది, నీ బేస్‌మెంటు సంగతి నాకు తెలీదంటావా?"

ఆ మాట మార్సెల్లాకు తగిలింది. నాన్న పోయాక ఈ షాపులో రోజూ ఆమే నిలబడింది. పెర్క్ మెషిను తీసేయించింది ఆమే. ఆ పని కాస్త ముందే చేయాల్సిందన్న సంగతి ఆమెకు ఎవరూ గుర్తుచేయక్కర్లేదు.

"నాన్న పేరు పేపర్లో వస్తుంది," అన్నాడు రే, ఈసారి మెల్లిగా. "చర్చి కమిటీలో ఇరవై ఏళ్లున్నాడు."

జెనోవెఫా అతని చేతిలోంచి కాగితం తీసుకుంది. మళ్లీ బల్ల మీద బోర్లా పెట్టి, మళ్లీ ఇస్త్రీపెట్టె పెట్టింది.

గంట మోగింది. పది నిమిషాలు ముందే వచ్చాడు వెర్నన్.

తలకు టోపీ, చంకలో ఫ్లాస్కు. టోపీ తీసి, జెనోవెఫాకు తల వంచి, బల్ల మీద పరిచిన గౌను చూసి ఆగిపోయాడు.

"సేఫుల్లో చూశాను, గాదెల్లో చూశాను, ఒకసారి కోళ్లగూట్లో కూడా దొరికింది," అన్నాడు. "గౌను మాత్రం ఇదే మొదటిసారి."

తెల్లని చేతితొడుగులు వేసుకుని, భూతద్దం తీసి, కాలరు ఎత్తాడు. నంబరు పైకి చదివాడు, మళ్లీ చదివాడు. భూతద్దం జేబులో పెట్టుకున్నాడు.

"ముప్పై ఏళ్లు ఇవ్వకుండా ఉండడమెలాగో కుర్రాళ్లకు నేర్పాను. ఇలాంటి కాగితం ఎదురుపడితే ఓడిపోయామని ఒప్పుకుని భోజనానికి లేచేవాళ్లం. మిసెస్ బనాసిక్, మీ కత్తెరకు దణ్ణం పెట్టాలి. నంబరు చుట్టూ తిరిగి వెళ్లింది."

జెనోవెఫా పొగడ్త పట్టించుకోలేదు.

వెర్నన్ మిగతా ముక్కలు ఒక్కొక్కటే తిప్పి చూశాడు. ప్రతి కాగితానికీ అడుగున పేజీ అంకె టైపు చేసి ఉంది. పెదాలు కదుపుతూ చూసుకున్నాడు.

"ఒకటి, రెండు, నాలుగు, ఐదు, ఆరు." తల ఎత్తాడు. "మూడోది?"

మార్సెల్లా రే వైపు చూసింది.

"లేకపోతే లేదనే రాస్తాను," అన్నాడు వెర్నన్. "అయితే ఒక సంగతి. లేని పేజీలో ఏముందో కంపెనీవాళ్లు తమకు నచ్చినట్టు ఊహించుకుంటారు. మినహాయింపులన్నీ ఆ పేజీలోనే ఉన్నాయంటారు. ఏళ్లు లాగుతారు. ఉంటే, అందులో ఎంత చెడ్డది ఉన్నా సరే, ముందు నేను చూడ్డం మంచిది."

"అది..." రే మొదలుపెట్టాడు.

జెనోవెఫా రెండు చేతులతో ఇస్త్రీపెట్టె ఎత్తి పక్కన పెట్టింది.

వెర్నన్ నిలబడే చదివాడు. చదివాక కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. ఫ్లాస్కు మూత తీసి, ఏమీ పోసుకోకుండానే మళ్లీ పెట్టేశాడు.

"ఇది ఆయన చదివారా?"

"చదవలేదు," అంది జెనోవెఫా.

మార్సెల్లా తల్లి వైపు తిరిగింది.

"మా ఆయన యుద్ధం అయ్యాక పోలండ్ నుంచి వచ్చాడు. ఇంగ్లీషు మాట్లాడేవాడు, చదవడం రాదు. కాగితాలన్నీ నేనే చూసేదాన్ని. నేను ఇక్కడే పుట్టాను, సిస్టర్ల దగ్గర చదువుకున్నాను. తనిఖీ చేసినాయన కాగితం నా చేతికిచ్చాడు. ఆ సంతకం నాది."

"మీదా?"

"నాదే. ఆయన పేరు నేను పెట్టాను. ఆయనకి చెప్పలేదు. చెబితే ఆ బకెట్లు లారీవాడికిచ్చి దూరంగా పంపాలనేవాడు, మళ్లీ ఖర్చు. ఊరుకున్నాను. గడువు తీరగానే కత్తిరించేశాను." గుక్క తిప్పుకోకుండా చెప్పింది. చర్చిలో అప్పజెప్పే ప్రార్థనలా ఉంది. ఆగస్టు నుంచి ఎన్నిసార్లు చెప్పుకుందో.

"షాపు ఎవరి పేరు మీద?"

"ఆయన ఒక్కడిదే. పోయాకే మా ముగ్గురికీ వచ్చింది."

వెర్నన్ నోటుపుస్తకం తీశాడు. "అలాగైతే పాలసీదారుకు తెలియదన్నమాట. అప్పుడు కథ వేరు. లాయర్లు కొట్టుకుంటారు, అయినా తలుపు తెరిచే ఉంటుంది. ప్రమాణం చేసి చెప్పాలి మీరు. చెప్తారా?"

"చెప్తాను."

"ఎనభై ఆరేళ్ల మనిషివి," అన్నాడు రే. "నిన్ను కూర్చోబెట్టి రోజంతా అడుగుతారమ్మా."

"రోజంతా ట్రంకు మీద కూర్చోగలను. చూశావుగా."

మార్సెల్లా కాగితం చూస్తోంది. ఈ. బనాసిక్. చివరి అక్షరం తోక పక్కకు సాగి ఉంది. దాని మీదుగా కుడివైపుకు, అరచెయ్యి వెడల్పున, నీలం సిరా మరక. గుమ్మం పక్కన గోడ మీద ఫ్రేములో నాన్న సంతకం మీదా అలాంటి మరకే ఉంది. ఆమె అటు చూడలేదు. చూస్తే వెర్నన్ కూడా చూస్తాడు.

బల్ల మీద తల్లి కుడిచెయ్యి ఉంది. ఆ చెయ్యే కత్తెర పట్టింది, ఆ చెయ్యే పెన్సిలు పట్టింది. జెనోవెఫా ఎడమచేత్తో దాన్ని గట్టిగా పట్టుకుని ఉంది. కూతురి ముఖంలోకే చూస్తోంది.

కంచె అవతల ఏదో చెక్క మెట్టుకు తగిలి చప్పుడైంది. ఆగింది. మళ్లీ ఇంకో మెట్టు. యెసేనియా ఒక్కతే పిల్ల మంచాన్ని పైకి లాక్కొస్తోంది.

వెర్నన్ కాగితాన్ని మార్సెల్లా వైపు తిప్పాడు.

"మీరు మీ నాన్నగారి పక్కన నిలబడి ఇరవై ఏళ్లు పనిచేశారు. ఆయన చేతిరాత మీకన్నా ఎవరికీ ఎక్కువ తెలీదు. మీ అమ్మగారి తర్వాత వాళ్లు ప్రమాణం చేయించేది మిమ్మల్నే. అందుకే ఇప్పుడే అడుగుతున్నా." వేలు సంతకం కింద పెట్టాడు. "ఇది ఆయనది కాదు. అంతేనా?"